మిరపచేని ముడత : పురుగు నెరిగి మందు వేయుట

మన పిడుగురాళ్ల చుట్టుపట్ల గ్రామములందును, అటు దాచేపల్లి, గురజాల వైపునను, ఇటు మాచవరము, బెల్లంకొండ వైపునను నల్లరేగడి నేల గల ప్రతి రైతునకు తెలిసిన పైరులు రెండు: ప్రత్తి, మిరప. ఈ రెంటిలో మిరప ఎక్కువ ఖర్చు కోరునది, ఎక్కువ ఆశ చూపునది. నారు మొదలు కోత, ఆరబోత, బస్తాలకెత్తి గుంటూరు యార్డునకు చేర్చుట వరకు అడుగడుగునను రొక్కము పెట్టవలసినదే. కౌలు రైతునకు దీనిపైని కౌలు కూడ కలదు. ఇట్టి పైరు ముడుచుకొన్నదన్న నాడు ఆ యింట ఎవరికిని నిద్ర పట్టదు.

ఆ ఆతురతలో రైతు చేయు మొదటి పని మందుల దుకాణమునకు పోవుట. “అయ్యా, చేను ముడుచుకొన్నది, ముడత మందు ఇప్పించండి” అని అడుగును. ఏ ముడత, పైకా, క్రిందికా అని ఎదురు ప్రశ్న వేయు దుకాణదారులు అరుదు. వేసినను సమాధానము చెప్పగల రైతులును అరుదే. రెండు మూడు సీసాలు చేతికి వచ్చును. అన్నియు ఒకే డ్రమ్ములో కలిపి కొట్టుదురు. వారము తిరుగకమునుపే మరల అదే ముడత, మరల అదే దుకాణము.

ఈ వ్యాసమున మేము మనవి చేయదలచినది ఒక్క మాట. ముడత యనునది తెగులు పేరు కాదు, గుర్తు మాత్రమే. జ్వరము వంటిది. జ్వరము వచ్చుటకు కారణములు పలు విధములైనట్లే ముడతకును కారణములు వేరు వేరుగా నుండును. ఒకదానికి తగిన మందు మరియొకదానికి పనిచేయదు. అంతటితో పోక, దానిని పెంచుటయు కలదు. కావున మందు కొనుటకు ముందు పురుగు నెరుగవలెను.

మూడు ముడతలు

మొదటిది పై ముడత. ఆకు అంచులు పైకి లేచి, ఆకు దోనె ఆకారమును పొందును. లేత చివుళ్లు కృశించి పెళుసుబారును. ఆకు అడుగున ఈనెల వెంబడి గోధుమరంగు గీతలు కనబడును. ఇది తామరపురుగుల పని. ఈ పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. రంగు ఎండుగడ్డి వంటి పసుపు. రెక్కల అంచులకు కుచ్చు వలె సన్నని వెండ్రుకలుండును. ఇది ఆకును గీకి, ఊరిన రసమును పీల్చును. గ్రుడ్లను ఆకు పొరలోనికి దిగవేయును. పిల్లలు ఆకుపై పెరిగి, తరువాత పెక్కు భాగము నేలకు రాలి, మట్టిలోను, రాలిన ఆకులలోను నిద్రావస్థ గడపి, రెక్కలతో మరల పైకి వచ్చును. ఇదంతయు రెండు మూడు వారముల పని. కావున నేడు మందు కొట్టినచో ఆకుపైనున్నవి మాత్రమే చచ్చును; ఆకులోని గ్రుడ్లకు, మట్టిలోని కోశములకు మందు తగులదు. వారమునకు మరల కనబడిన పురుగును చూచి మందు పనిచేయలేదని అనుకొనుటకు ఇది ఒక కారణము.

ఈ సంగతి మన జిల్లాకు క్రొత్తది కాదు. మద్రాసు రాజధాని కాలముననే, 1935లో, కీటక శాస్త్రజ్ఞులు టి. వి. రామకృష్ణ అయ్యరు గారును వారి సహచరులును గుంటూరు, మధుర ప్రాంతముల మిరపముడత తామరపురుగుల వలన కలుగుచున్నదని మద్రాసు వ్యవసాయ పత్రికలో వ్రాసిరి. మన తాతల నాటి చేలలోను ఈ పురుగు కలదు.

రెండవది క్రింది ముడత. ఆకు అంచులు క్రిందికి వంగి, ఆకు తిరుగవేసిన దోనె వలె అగును. ఆకు కాడ సాగి పొడవగును. ఆకు సన్నబడి ముదురాకుపచ్చ రంగునకు తిరుగును. ఇది తెల్లనల్లి వలన వచ్చును. నల్లి నిజమునకు పురుగు కాదు. ఎనిమిది కాళ్లు గల సాలీడు జాతి జీవి. కంటికి ఆనుట కష్టము, భూతద్దము కావలెను. వెచ్చని దినములలో వారము లోపుననే ఒక తరము ముగియును. గాలితో పోవును, తెల్లదోమ కాళ్లను పట్టుకొని స్వారి చేయుచు మరియొక మొక్కకు చేరుటయు కలదు. పురుగులను చంపు మందులలో అనేకములు నల్లిని చంపవు. నీటిలో కలియు గంధకపు పొడిని లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున ఆకు అడుగు తడియునట్లు కొట్టినచో ఇది అణగును. గంధకమును మండుటెండలో కొట్టరాదు. నూనె మందులతో కలుపరాదు.

మూడవది వైరసు ముడత. దీనినే మనవారు బొబ్బర యనియు, జెమిని యనియు చెప్పుకొందురు. ఆకులు చిన్నవై, ఈనెలు ఉబ్బి, ఈనెల నడుమ పసుపు తిరిగి, కణుపులు దగ్గరపడి, మొక్క గిడసబారి గుబురుగా నిలిచిపోవును. ఆకు త్రిప్పి చూచినచో ఒక్కొక్కప్పుడు ఏ పురుగును ఉండదు, ఏలయనగా తెచ్చిన తెల్లదోమ తన పని ముగించుకొని పోయినది. ఈ మొక్కను బాగుచేయు మందు ఏ దుకాణమునను లేదు. తొలిదినములలో కనబడిన మొక్కను పీకి పాతిపెట్టుటయు, దోమను అదుపులో నుంచుటయు తప్ప మార్గము లేదు. దీనికై వేల రూపాయల టానిక్కులు పోయుట బూడిదలో పన్నీరు పోయుటయే.

ఈ మూడింటిని వేరుపరచి తెలిసికొనుటకు పెద్ద చదువు అక్కరలేదు. ఒక భూతద్దము, ఒక తెల్లకాగితము చాలును. ఉదయము ఎండ ముదురకమునుపు చేనికి అడ్డముగాను నిలువుగాను నడచి, అక్కడక్కడ మొత్తము 25 మొక్కలను చూడవలెను. చివురును కాగితముపై తట్టినచో తామరపురుగులు రాలి ప్రాకును. ఆకు త్రిప్పి భూతద్దముతో చూచినచో నల్లి కనబడును. మొక్కను కదపగానే తెల్లగా లేచినచో దోమ. చూచినది చీటీపై వ్రాసికొనవలెను. వారమునకు రెండు మార్లు ఈ నడక నడచిన రైతు, చేను మొత్తము ముడుచుకొనిన పిదప మేలుకొనడు.

క్రొత్తగా వచ్చిన నల్ల తామరపురుగు

ఆగ్నేయాసియా దీవులలోను, తాయిలాండు దేశమునను తెలిసియున్న నల్ల తామరపురుగు మన దేశమున మొదట 2015లో బెంగుళూరు దగ్గర బొప్పాయిపై కనబడినట్లు ప్రకటింపబడెను. 2021లో అది మన గుంటూరు ప్రాంతపు మిరపపూలలో చేరెను. 2021-22 పంటకాలమున ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ప్రాంతముల మిరపను అది ఎట్లు చెరచినదో ఈ పత్రిక చదువువారికి వేరుగా చెప్పవలసిన పని లేదు. ఆడపురుగు నల్లగా నుండును. మగది చిన్నది, పసుపుపచ్చనిది. పాత తామరపురుగు చివుళ్లను ఆశ్రయించగా, ఇది పూవులో గుమికూడును. పూవు విప్పి చూచినచో నల్లని నలుసుల వలె పదుల సంఖ్యలో కదలును. పూత రాలిపోవును, నిలిచిన పిందె గీతలు పడి వంకరపోవును. పచ్చగా, నిండుగా నున్న చేనిలో కాయ లేకపోవుట దీని లక్షణము. ఆ యేట కాయ లేని చేలను దున్నివేసినవారు మనలోనే కలరు.

నాడు రైతులు మూడు నాలుగు దినముల కొకసారి మందు కొట్టిరి. పురుగు పూవు రేకుల మధ్య దాగియుండగా మందులో అధికభాగము ఆకులపైననే నిలిచెను. అచ్చట చచ్చినవి తామరపురుగులను తిని మనకు మేలు చేయు చిన్న నల్లులు, పూనల్లులు, అక్షింతల పురుగులు, అల్లికరెక్కల పురుగులు. కావలివారిని మనమే చంపి, దొంగకు తలుపు తీసిపెట్టితిమి.

మందే పురుగును పెంచుట

ఇది ఊహ కాదు. మన జిల్లాయే ఒకమారు దీనికి మూల్యము చెల్లించినది. 1980 తరువాత పైరిథ్రాయిడు మందులు మన ప్రత్తిచేలకు వచ్చినవి. మొదట అవి మంత్రము వలె పనిచేసినవి. రైతులు వానినే నమ్మి మరల మరల కొట్టిరి. 1985 ప్రాంతమున గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిపై తెల్లదోమ విజృంభించినది. 1987-88లో శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగక కాయలనన్నిటిని తొలిచినది. అప్పుల భారము మోయలేక ఆ యేట ఈ రెండు జిల్లాలలో ప్రత్తి రైతులు ప్రాణములు తీసికొనిరి. చచ్చుటకు పురుగు మందునే త్రాగినవారును వారిలో కలరు.

దీని యందలి కారణము సులభముగానే తెలియును. వేయి పురుగులపై ఒకే మందు కొట్టినప్పుడు తొమ్మిదివందల తొంబది చచ్చి, ఏ కారణముననో పది మిగిలినవనుకొందము. తరువాతి తరము ఆ పదింటి సంతానమే. మరల అదే మందు కొట్టిన కొలది, దానికి చావని జాతినే మనము ఏరి పెంచినట్లగును. పైగా, మిత్రపురుగులు తక్కువ సంఖ్యలో నుండి, ఆలస్యముగా పెరుగును. అవి మరల కూడుకొనులోపున శత్రుపురుగు నిండిపోవును. మిరపపై పైరిథ్రాయిడు మందులు పదేపదే కొట్టినచో నల్లి పెచ్చు పెరుగుటకు ఇదియే హేతువు. తామరపురుగునకని కొట్టిన మందు క్రింది ముడతను తెచ్చుట యనగా ఇట్లే.

పంటకాలమంతట చేయవలసినవి

పురుగు పని వేసవిలోనే మొదలగును. చివరి కోత అయిన పిదప తాలుకాయలకై చెట్లను నీరులేక నిలిపియుంచుట మనలో అలవాటు. నల్లియు, తామరపురుగును, వైరసును క్రొత్త నారు వచ్చువరకు తలదాచుకొను సత్రము ఆ మోడులే. కోత ముగిసినవెంటనే చెట్లను పీకి, వేసవి దుక్కి లోతుగా దున్నినచో మట్టిలోని కోశములు ఎండకును పక్షులకును గురియగును. మిరప మీద మిరప వేయక, నడుమ జొన్న గాని మొక్కజొన్న గాని వేయుట మేలు.

జ్యేష్ఠ ఆషాఢములలో వేపపండ్లు రాలును. ఆ గింజలను ఏరి నీడన ఆరబెట్టి దాచుకొనవలెను. ఇది పైసా ఖర్చు లేని మందు. 5 కిలోల గింజలపప్పును దంచి, గుడ్డలో మూటకట్టి, నీటిలో రాత్రి యంతయు నానబెట్టి, పిసికి వడపోసి, కొంచెము సబ్బుపొడి కలిపి 100 లీటర్లు చేసినచో నూటికి ఐదు పాళ్ల కషాయమగును. ఇది పురుగును తక్షణమే చంపదు. మేత తిననీయక, గ్రుడ్లు పెట్టనీయక, పెరుగనీయక అణచును. పురుగు కొలదిగా నున్నప్పుడే, సాయంకాలము కొట్టవలెను.

నారుమడిని సన్నని నైలాను వలతో కప్పి పెంచినచో దోమ చొరబడి వైరసు నంటించుటకు వీలుండదు. నర్సరీ నుండి నారు కొనువారు ఆకులు త్రిప్పి చూచి, బిల్లు తీసికొని మాత్రమే కొనవలెను. మడులలో గుళికలుగా వాడుచుండిన ఫోరేటును, మిరపలో విరివిగా కొట్టుచుండిన ట్రయజోఫాసును 2020 డిసెంబరు 31తో ప్రభుత్వము నిషేధించినది. ఎవరైనను దాచియుంచిన సరుకు ఇచ్చినచో తీసికొనరాదు.

నాట్లకు ముందే చేనిచుట్టు రెండు మూడు వరుసలు జొన్న గాని మొక్కజొన్న గాని విత్తవలెను. గాలితో వచ్చు తామరపురుగులకు, దోమకు అది గోడ, మిత్రపురుగులకు ఇల్లు. శక్తి గలవారు బోదెలపై వెండిరంగు ప్లాస్టికు పట్టా పరచినచో దాని మెరుపునకు పురుగు దిగుటకు జంకును. రాలిన పిల్లపురుగులకు మట్టి దొరకదు. యూరియా మితిమీరి వేయరాదు. నిగనిగలాడు లేతచివురు మనకెంత ప్రీతియో రసము పీల్చు పురుగునకును అంతే ప్రీతి. భూసార పరీక్ష ననుసరించి, కొద్దికొద్దిగా వేయవలెను. చేనిని బెట్టకు గురికానీయరాదు. ఎండిన చేనిలో తామరపురుగు త్వరగా హెచ్చును.

నాటిన కొలదిదినములకే జిగురుపూసిన నీలి అట్టలను ఎకరమునకు 25 నుండి 30 వరకు, మొక్కల తల ఎత్తున కట్టవలెను. తామరపురుగునకు నీలిరంగు ఆకర్షణ; తెల్లదోమకు, పేనుబంకకు పసుపురంగు. కొనలేనివారు పాతరేకునకు రంగువేసి ఆముదము గాని గ్రీజు గాని పూసినను పనిచేయును. అట్టలు పురుగునంతయు పట్టవు. కాని ఎప్పుడు వచ్చినదో, ఎంత వచ్చినదో చెప్పును. పూత సమయమున వారమునకు రెండు మార్లు పూవులు విప్పి చూడవలెను. బవేరియా యను శిలీంధ్రపు పొడి లీటరునకు 5 గ్రాములు కలిపి, తేమగల సాయంకాలములందు కొట్టుట మిత్రపురుగులకు అంతగా హాని లేని మార్గము.

కాయ పట్టిన పిదప గొంగళిపురుగులు వచ్చును. శనగపచ్చ పురుగు గ్రుడ్లను ఒక్కొక్కటిగా పెట్టును. కాయను తొలిచి, తల లోపల, ఒడలు వెలుపల ఉంచి తినును. పొగాకు లద్దెపురుగు గ్రుడ్లను గుంపుగా పెట్టి నూగుతో కప్పును. చిన్నపిల్లలు ఒకే ఆకుపై చేరి దానిని జల్లెడ చేయును. ఆ యొక్క ఆకును త్రుంచి నలిపినచో వందల పురుగులు చచ్చినట్లే. ఇట్టి పని మందు చేయజాలదు. లద్దెపురుగునకు ఆముదపు మొక్కలను, శనగపచ్చ పురుగునకు బంతి మొక్కలను చేనిలో అక్కడక్కడ ఎరపైరుగా నాటవలెను. ఎకరమునకు నాలుగైదు లింగాకర్షక బుట్టలుంచి, పడిన రెక్కలపురుగులను ప్రతిదినము లెక్కించవలెను. కొన్ని చేలలో పూమొగ్గ ఉబ్బి, కాయ గిడసబారి వంకరయగుట చూతుము. అది పూతపురుగను చిన్న ఈగ పిల్లలు లోపలనుండుటచే కలుగును. అట్టి మొగ్గలను, కాయలను ఏరి కాల్చివేయవలెను.

మందు కొట్టక తప్పనప్పుడు

ఇవన్నియు చేసినను మందు అవసరమగు దినములుండును. మేము మందులకు వైరులము కాము. కాని మందు కత్తి వంటిది. ఎవరిపై ఎత్తుచున్నామో చూచి ఎత్తవలెను. పురుగు పేరు చెప్పి, ఉద్యాన శాఖాధికారిని గాని, రైతుభరోసా కేంద్రములుగా మొదలై ఇప్పుడు రైతుసేవా కేంద్రములని పిలువబడుచున్న చోట్ల సహాయకుని గాని, లాం పరిశోధనా కేంద్రమువారిని గాని అడిగి మందు వ్రాయించుకొనవలెను. ఒకమారు ఒక మందే. రెండు మూడు కలుపరాదు. వరుసగా ఒకే జాతి మందును కొట్టక మార్చవలెను; పేర్లు వేరైనను లోపలి సరుకు ఒకటియే కావచ్చును గనుక, సీసాపై అడుగున చిన్న అక్షరములలోనున్న అసలు పేరును చదివించుకొనవలెను. డబ్బాపై వజ్రాకారపు గుర్తులో ఎరుపు అతి విషము, పసుపు దానికి తరువాతిది, నీలము మధ్యమము, ఆకుపచ్చ అల్పము. “బయో” యని నోటిమాటతో అమ్ము చీటీలేని సీసాలను ముట్టరాదు. బిల్లు లేని మందు చెడిపోయినచో అడుగుటకు దారి లేదు.

ఆకు అడుగు తడియవలెను. తేనెటీగలు తిరుగు ఉదయవేళ పూతపై కొట్టరాదు. గాలికి ఎదురుగా నడువరాదు. మూతికి గుడ్డ, చేతులకు తొడుగు, ఒడలు కప్పు దుస్తులు ఉండవలెను. కూలికి వచ్చిన మనిషికిని ఇవి మనమే ఇయ్యవలెను. కోతకు ముందు ఎన్ని దినములు మందు ఆపవలెనో డబ్బాపై వ్రాసియుండును. దానిని పాటించనిచో విషపుశేషము కాయలో నిలిచి, విదేశపు కొనుగోలుదారులు సరుకును త్రిప్పిపంపుదురు. ఒకరి తొందర వలన యార్డులోని పదిమంది ధర పడిపోవును.

కలిసి చేయవలసినవి

పురుగునకు గట్టు తెలియదు. ఒక రైతు మోడులు పీకి, ప్రక్క రైతు నిలిపినచో మొదటివాని శ్రమ వ్యర్థము. అందుచేత ఇది సహకార సంఘములకు తగిన పని. ఊరంతయు ఒక తేదీ నిర్ణయించుకొని పాతచెట్లను పీకవచ్చును. జిగురు అట్టలు, బుట్టలు, వలలు ఒక్కొక్కరుగా కొనుటకన్న సంఘము పేర టోకున కొన్నచో ధర తగ్గును. వేపగింజలు సంఘమే సేకరించి ఉంచవచ్చును. ప్రతి సంఘ కార్యాలయమున రెండు భూతద్దములును, వారము వారము ఏ పొలమున ఏ పురుగు కనబడినదో వ్రాయుటకు ఒక నల్లబల్లయు ఉండినచో, దక్షిణపు పొలములో సోమవారము కనబడిన నల్ల తామరపురుగు ఉత్తరపు పొలము వారికి మంగళవారమే తెలియును. కౌలుదారులకును ఆ బల్ల చదువుటకు హక్కుండవలెను, ఏలయనగా వారి నష్టమునకు అడ్డుపడు భూమి కూడ వారికి లేదు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకన్న, దుకాణమునకు బయలుదేరు ముందు ప్రతి రైతును తన్ను తాను నాలుగు మాటలు అడిగికొనవలెను. ఆకు పైకి ముడిచినదా, క్రిందికి ముడిచినదా? నేను పురుగును నా కంటితో చూచితినా? 25 మొక్కలలో ఎన్నింటికి కలదు? పోయినమారు ఏ మందు కొట్టితిని? ఈ నాలుగింటికి సమాధానము చీటీపై వ్రాసికొని పోయిన రైతు చేతికి అక్కరలేని రెండవ సీసాను ఎవరును అంటగట్టజాలరు.